ఫోటో ఎవరింట్లో ఉంది?

పూర్వం ఫోటో అంటే కాగితం. పెళ్ళి ఫోటో ఒకటి పటం కట్టించి గోడకు తగిలించేవారు. మిగతావి ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల కింద ఉండేవి. ఎవరైనా చూడాలంటే మన ఇంటికి రావాలి. పెట్టె తీసి మనమే చూపించాలి.

ఇప్పుడు ఫోటో సెల్లులో ఉంటుంది. సెల్లు నీళ్ళలో పడితే ఫోటోలూ పోతాయి. అందుకని చాలామంది ఫోటోలను ఇంటర్నెట్లో దాచుకుంటున్నారు. దాచుకోవడమే కాదు, దూరాన ఉన్న పిల్లలకూ చుట్టాలకూ చూపిస్తున్నారు. ఇందుకు డబ్బు తీసుకోకుండా చోటిచ్చే కంపెనీలు ఎన్నో వచ్చాయి. ఫోటోబకెట్ 2003లో వచ్చింది. ఫ్లికర్ 2004లో, ఇమ్గర్ 2009లో, గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చాయి.

ఇంటర్నెట్లో దాచడమంటే గాలిలో దాచడం కాదు. ఆ కంపెనీకి పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయి. గోడౌన్లో బస్తాలు పేర్చినట్టు వాటిని వరసగా పేర్చి ఉంచుతారు. రాత్రీ పగలూ కరెంటు ఉండాలి. వేడెక్కకుండా చల్లబరుస్తూ ఉండాలి. మనం ఫోటో ఎక్కిస్తే దాని నకలు ఆ కంప్యూటర్లోకి పోతుంది. అక్కడ దానికి ఒక చిరునామా ఇస్తారు. ఆ చిరునామానే లింకు అంటారు. లింకు అందినవాళ్ళు దాని మీద వేలుతో నొక్కగానే ఫోటో కనపడుతుంది.

వాట్సాప్‌లో పంపడం వేరు. అక్కడ ఫోటో నకలే అవతలివాళ్ళ సెల్లులోకి పోతుంది. పదిమందికి పంపితే పది నకళ్ళు. మామూలుగా పంపితే ఫోటోను కుదించి పంపుతుంది. పెద్దది చేసి చూస్తే మసకగా ఉంటుంది. లింకు పంపితే అలా కాదు. ఫోటో ఒక్కచోటే ఉంటుంది. మనం పంపేది ఆ గదికి తాళంచెవి మాత్రమే.

పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు ఇప్పుడు చాలాచోట్ల ఇలాగే లింకు పంపుతున్నారు. ఒక ఊళ్ళో పొదుపు సంఘం మీటింగు అయ్యాక ఇద్దరు ఇలా మాట్లాడుకున్నారు.

"అక్కా, పాప పెళ్ళి ఫోటోలు చూపించవా?"

"ఏం చూపించను చెల్లీ! ఫోటో అబ్బాయి లింకు పంపాడు. ఆల్బమ్‌కి కావలసినవి ఏరుకోమన్నాడు. ఏరాం. మొన్న మళ్ళీ నొక్కితే ఏమీ రాలా."

"సెల్లులోకి దించుకోలేదా?"

"దించుకోవాలని ఎవరు చెప్పారు? నొక్కితే కనపడతన్నాయి కదా, నా దగ్గరే ఉన్నాయనుకున్నా. పెళ్ళయిన మూడో నెలలో మా అమ్మ పోయింది. అమ్మ ఆఖరి ఫోటో అందులోనే ఉంది. ఆల్బమ్‌లో వేయించలేదు."

కనపడటం వేరు, దగ్గర ఉండటం వేరు. ఆ అబ్బాయికి కూడా ఆ చోటు ఉచితంగా వచ్చిందే. గూగుల్ ఒక్కో ఖాతాకు 15 జీబీ చోటు ఉచితంగా ఇస్తుంది. మెయిళ్ళకూ ఫోటోలకూ అన్నిటికీ కలిపి అంతే. ఒక్క పెళ్ళి ఫోటోలకే అది నిండిపోవచ్చు. ఇంకో పెళ్ళికి చోటు కావాలంటే పాత పెళ్ళి తీసెయ్యాలి. అతన్ని తిట్టి లాభం లేదు గానీ, ఫలానా తేదీ దాకానే ఉంటాయని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చివరికి కోడలి వాట్సాప్‌లో ఒక ఫోటో దొరికింది. మసకగానే ఉంది. దాన్నే పటం కట్టించారు.

ఫోటో అబ్బాయే కాదు, పెద్ద పెద్ద కంపెనీలూ మాట మార్చాయి. ఫోటోబకెట్ సంగతి చూడండి. అది అమెరికా కంపెనీ. లక్షలాది మంది అందులో ఫోటోలు పెట్టి, వాటిని ఇంటర్నెట్లో వేరే చోట్ల చూపించేవారు. కుట్టుపని నేర్పే ఫోటోలు, బండి రిపేరు ఫోటోలు, ఇంట్లో పిల్లల ఫోటోలు. 2017లో కంపెనీ ఉన్నట్టుండి కొత్త రూలు పెట్టింది. ఫోటోలు బయట కనపడాలంటే సంవత్సరానికి 399 డాలర్లు కట్టాలంది. అప్పటి లెక్కన పాతికవేల రూపాయల పైమాటే. కట్టనివాళ్ళ ఫోటోలు ఉండాల్సిన చోటల్లా డబ్బు కట్టమనే బొమ్మ వచ్చి కూర్చుంది. జనం తిట్టిపోశారు. 2018లో కంపెనీ రేటు తగ్గించింది.

ఫ్లికర్ 2018లో చేతులు మారింది. ఆ ఏడాదే, ఉచితంగా వాడేవాళ్ళకు 1000 ఫోటోలే అని చెప్పింది. గూగుల్ ఫోటోస్ మొదట్లో కొంచెం కుదించిన ఫోటోలను ఎన్నైనా పెట్టుకోమంది. 2021 జూన్ 1 నుంచి అది ఆపేసింది. ఖాతా లేకుండా పెట్టిన పాత ఫోటోలను ఇమ్గర్ 2023లో తీసెయ్యడం మొదలుపెట్టింది.

మొదట ఉచితంగా ఎందుకిస్తారు? జనం రావాలి. వస్తే ప్రకటనలు చూపించి డబ్బు చేసుకోవచ్చు. ఫోటోలు పెరిగాక, ఇంకొంచెం చోటు కావాలంటే నెలకింత కట్టమనొచ్చు. ఇందులో మోసమేమీ లేదు. వడ్డీ అడగని అప్పులాగా, అద్దె అడగని ఇల్లు కూడా ఎన్నాళ్ళో ఉండదు.

ఇంకో సంగతి. తాళంచెవి ఒకరికిస్తే, వాళ్ళు ఇంకొకరికి ఇవ్వొచ్చు. గూగుల్ ఫోటోస్‌లో లింకు పంపితే, ఆ లింకు ఉన్న ఎవరైనా చూడగలరు. మనం తమ్ముడికి పంపుతాం. తమ్ముడు స్నేహితులకు పంపుతాడు. లింకును మనం ఆపెయ్యొచ్చు. కానీ ఈలోగా ఎవరైనా దించుకున్న ఫోటోను వెనక్కి తెచ్చుకోలేం. సెల్లుతో తీసిన ఫోటోలో తేదీ, టైము కూడా ఉంటాయి. లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఏ చోట తీశారో కూడా ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని తీసేసి పెడతాయి, కొన్ని తియ్యవు. ఆడపిల్ల ఫోటో ఎక్కించే ముందు లొకేషన్ సంగతి చూసుకోవాలి.

ఆడవాళ్ళ ఒంటి మరుగు ఫోటోను వాళ్ళు ఒప్పుకోకుండా తీసినా, పంపినా నేరం. ఐటీ చట్టం 66ఇ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అలాంటిది కనపడితే సిగ్గుపడి లింకు చెరిపెయ్యకూడదు. అదే సాక్ష్యం. లింకు రాసుకుని, పోలీసుస్టేషన్లో ఇవ్వాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సర్కారు వెబ్‌సైటులోనూ ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆడవాళ్ళ విషయంలో అక్కడ పేరు చెప్పకుండా కూడా చెయ్యనిస్తారు.

మరి ఫోటోలు ఎక్కడ పెట్టుకోవాలి? ఇంటర్నెట్లో పెట్టొచ్చు. అక్కడొక్కచోటే పెట్టకూడదు. లింకు వచ్చిన రోజే తెరిచి, డౌన్‌లోడ్ అన్నచోట నొక్కితే ఫోటో సెల్లులోకి దిగుతుంది. ఇంకో నకలు పెన్‌డ్రైవులో వేయించుకోవాలి. ముఖ్యమైనవి నాలుగైనా స్టూడియోలో కాగితం మీద కొట్టించాలి. కాగితానికి లింకు అక్కర్లేదు.

మాట్లాడుకోండి, రాయండి:

మీ ఇంట్లో జరిగిన ఆఖరి శుభకార్యం ఫోటోలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? సెల్లులోనా, లింకులోనా?

మీరు పంపిన లింకు ఎవరెవరి దగ్గర ఉంది? పేర్లు రాయండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో ఒకటి ఈ వారం సెల్లులోకి దించండి. దాని వెనక కథ నాలుగు వాక్యాల్లో రాసి మీ గుంపులో చదవండి.