జీపు చక్రములను వెలుపలికి జరుపుట: లాభనష్టములు



దువ్వాడనుండి ఏజెన్సీ కొండదారులలో సరకు తోలువారు, నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపులకు వెలుపలికి పొడుచుకొనివచ్చు రిమ్ములు బిగింపగోరుదురు. దీని మంచిచెడ్డలు విచారింతము.

లాభము: ఒక్కొక్క చక్రము ఒక అంగుళము వెలుపలికి జరిగినచో చక్రముల నడిమి వెడల్పు రెండంగుళములు పెరుగును. ప్రక్కవాలు నేలపై బండి తిరుగబడు భయము కొంత తగ్గును. వెడల్పు టైరు లోపలి భాగములకు రాయదు.

నష్టము: కావడి మోయువారికి ఇది తెలిసినదే, కుండ భుజమునకు దూరమైనకొలది బద్ద వంగును. అట్లే చక్రము దూరమైనకొలది బేరింగుపై భారము హెచ్చును. గుంటలలో స్టీరింగు చేతిని గుంజును. బురద మడ్గార్డు దాటి చిమ్మును. ఘాటుదారిలో బేరింగు చెడి చక్రము వదులైనచో ప్రాణాపాయము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదు.

కావున తయారీదారు చెప్పిన రిమ్మునే వాడుడు. నెలకొకసారి జాకీపై ఎత్తి చక్రము కదలుచున్నదేమో చూడుడు. బస్తాలను ఎత్తుగా పేర్చక అడుగున పరచి, వాలునందు మెల్లగా నడుపుడు. బండి ఒరగకుండుటకు ఖర్చులేని ఉపాయమిదియే.