ముందు కొలిచి చూడు

విజయనగరం

చి. మేనకోడలికి,

భిలాయ్‌లో మీ వర్క్‌షాపుకి వచ్చిన పాత కంట్రోలర్‌లోకి సీరియల్ కేబుల్ మీద ఫైలు ఎంతకీ ఎక్కడం లేదని, బాడ్ రేటు పెంచేయమంటావా అని అడిగావు. అప్పుడే పెంచకమ్మా. ముందు కొలిచి చూడు.

బాడ్ రేటు 9600 అంటే సెకనుకి 9600 బిట్లు. స్టార్ట్ బిట్టు, స్టాప్ బిట్టు కలిపి ఒక్కో బైటుకి పది బిట్లు పోతాయి కనుక సెకనుకి 960 బైట్లే. 1,02,400 బైట్ల ఫైలుకి సుమారు 107 సెకన్లు పట్టాల్సిందే. ఈ లెక్క కాగితం మీద వేసుకుని స్టాప్‌వాచ్ పట్టుకో. లెక్కకీ వాచీకీ వచ్చే తేడాయే జబ్బు ఎక్కడుందో చెబుతుంది.

ఆ తేడా ఫైలు పంపే పద్ధతి వల్ల కూడా రావచ్చు. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాసిన ఎక్స్‌మోడెమ్ అనే పద్ధతి 128 బైట్లు పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగుతుంది. 115200 దగ్గర ఆ ముక్క వెళ్లడానికి పదకొండున్నర మిల్లీసెకన్లు చాలు. కానీ కొన్ని యూఎస్‌బీ కన్వర్టర్లు వచ్చిన జవాబుని 16 మిల్లీసెకన్ల దాకా తమ దగ్గరే ఉంచుకుంటాయి. పనికంటే ఎదురుచూపే ఎక్కువ! బాడ్ రేటు రెట్టింపు చేసినా ఆ ఎదురుచూపు తగ్గదు. కన్వర్టర్ అలా ఆపే సమయాన్ని నిర్ణయించే లేటెన్సీ టైమర్ తగ్గించు. రెండు వైపులా కుదిరితే జెడ్‌మోడెమ్ అనే పద్ధతి వాడు, అది ప్రతి ముక్కకీ ఆగదు.

పరీక్షకి జిప్ చేసిన ఫైలు తీసుకో. అందులో అన్ని రకాల బైట్లూ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టి ఉంటే 17, 19 విలువల బైట్లు డేటాగా కాక ‘పంపు’, ‘ఆగు’ అన్న ఆజ్ఞలుగా చెల్లిపోతాయి. ఉత్త సున్నాల ఫైలుతో ఈ లోపం ఎప్పటికీ బయటపడదు.

బల్ల మీద వచ్చిన వేగాన్ని ప్లాంటులో నమ్మకు. 130 మీటర్ల పట్టాని ఒకే ముక్కగా తీసే రైల్ మిల్లు ఉన్న ఊరు మీది, అక్కడ కేబుల్ దూరాలూ ఎక్కువే. ఆర్‌ఎస్-232 కేబుల్‌ని పదిహేను మీటర్లు దాటించకూడదంటారు. అంతకుమించిన దూరానికి ఆర్‌ఎస్-485 కావాలి, తక్కువ వేగంలో అది 1200 మీటర్ల దాకా పనిచేస్తుంది. పెద్ద మోటార్లు తిరుగుతున్నప్పుడే కొలిచి చూడు, షట్‌డౌన్‌లో కాదు. ఎన్నిసార్లు ముక్కలు మళ్లీ పంపాల్సి వచ్చిందో కూడా రాసుకో. నా దృష్టిలో వేగం అంకెకంటే ఆ అంకే ముఖ్యం.

అవతలికి చేరిన ఫైలు చెక్‌సమ్ పంపిన ఫైలుదానితో కలవకపోతే, ఆ వేగాన్ని మీ వర్క్‌షాపు రిజిస్టర్‌లో ఎక్కించకు. కొత్తది పంపే ముందు కంట్రోలర్‌లో ఉన్న పాత ప్రోగ్రామ్‌ని తప్పకుండా దించి దాచుకో తల్లీ.

నీ మామయ్య