చిన్న మిల్లులో సిబ్బంది సమావేశము

మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడ రైస్ మిల్లులకు సాగు ధాన్యపు ట్రాక్టర్లను మనము ఏటా చూచుచునే యున్నాము. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము యజమాని, కార్మికుల ఉమ్మడి కమిటీని నూరుగురికి తక్కువ కాని సంస్థలకే ఉద్దేశించియుండెను. చిన్న మిల్లుకు యజమాని పిలుచు సమావేశమే ముఖ్యమైన ఆధారము.

అచట సాధారణముగా యజమాని మాట్లాడును, గుమాస్తా తలయూపును. అది సమావేశము కాదు, ఉత్తరువు! తేమ 17 శాతము మించిన ధాన్యమును ప్రభుత్వ కొనుగోలులో అంగీకరింపరు. తడి ధాన్యము మరపట్టిన నూకలు హెచ్చును. బస్తా మోసిన హమాలీకి ఆ తడి భుజముపైననే తెలియును. అతనిని అడుగువారెవరు? కావున మొదట హమాలీని, పిదప ఆపరేటరును, గుమాస్తాను పలికించి, యజమాని అందరి తరువాత మాట్లాడవలెనని మేము తలంచుచున్నాము. పది నిమిషములు చాలును. నిర్ణయమును, దాని బాధ్యుని పేరును పుస్తకమున వ్రాసి, మరుసటి సమావేశమున మొదట ఆ పుటనే చదువవలెను.