లెట్రిన్‌కి రెండు గోతులు ఎందుకు?
(9వ తరగతి)

ఈ నెల గోడపత్రికలో నేను లెట్రిన్ గొయ్యి గురించి రాస్తున్నాను. నవ్వకండి. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకునే చదవండి కానీ చివరిదాకా చదవండి. సెలవులకి ఇంటికి వెళ్లాక మనకి దీంతోనే పని.

మా ఊళ్లో లెట్రిన్లు ఉన్నాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయింది కదా, ఆ పథకంలో కట్టినవే. కానీ కొన్నిట్లో కట్టెలు పెట్టారు, ఒకదాంట్లో కోళ్లు ఉంటున్నాయి. ఎందుకు వాడరు అని అడిగితే "గొయ్యి నిండిపోతే ఎవలు తీస్తారు?" అంటారు. అది మంచి ప్రశ్నే. కట్టినవాళ్లు దానికి జవాబు చెప్పకుండా కట్టేసి వెళ్లిపోయారు. మగవాళ్లకి ఏముంది, ఎప్పుడైనా గెడ్డ అవతలకి పోతారు. మనం చీకటి పడేదాకా ఆగాలి, తోడు ఒకరు ఉండాలి. వానాకాలంలో పాముల భయం. ఆపుకోవడం కోసం మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగనివాళ్లు మనలోనే ఉన్నారు. అందుకని జవాబు నేను రాస్తున్నాను.

మన ఊళ్లలో లెట్రిన్‌కి వెనక రెండు గోతులు ఉంటాయి. ఒక్కోటి సుమారు మీటరు వెడల్పు, మీటరు పైన కొంచెం లోతు. ఇటుకల మధ్య ఖాళీలు వదులుతారు, సిమెంటు వరలు దించితే వాటికి కన్నాలు ఉండాలి. అడుగున సిమెంటు వెయ్యరు, మట్టే. మేస్త్రి సిమెంటు మిగుల్చుకున్నాడని మా చిన్నాన్న తిట్టాడు గానీ అది అలాగే ఉండాలి. నీళ్లు ఆ ఖాళీల్లోంచి మట్టిలోకి ఇంకిపోతాయి. లోపల పుట్టే వాయువుల్ని కూడా మట్టే పీల్చుకుంటుంది. మిగిలినదాన్ని కంటికి కనబడని బాక్టీరియా తింటాయి. అంటే గొయ్యి సామాన్లు దాచే గాదె లాంటిది కాదు, పొట్ట లాంటిది. అరిగించుకుంటుంది. అందుకే ఐదారుగురు ఉన్న ఇంట్లో ఒక గొయ్యి నిండడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు గోతులూ ఒకేసారి వాడకూడదు. పాన్ నుంచి వచ్చే గొట్టం ముందు ఒక చిన్న చాంబరులోకి వస్తాది. అక్కడ నుంచి రెండు దారులు చీలుతాయి, మన పంట కాలవ చీలినట్టు. ఒక దారికి ఇటుక అడ్డం పెట్టి బంకమట్టితో మూసెయ్యాలి. మొదటి గొయ్యి నిండాక ఆ దారి మూసి రెండోది తెరవాలి. నిండినదాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఏడాది చాలు అని కొందరు అంటారు. కానీ ఏలికపాముల గుడ్లు మట్టిలో చాలా కాలం బతికి ఉంటాయి (మనకి బడిలో ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చేది ఆ పాముల కోసమే), కాబట్టి రెండేళ్లు ఉంచడం మంచిది. అప్పటికి అది నల్లగా పొడిగా గెత్తం అయిపోతుంది. వాసన ఉండదు.

మా ఇంట్లో చాంబరు మూత తెరిస్తే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. కట్టిన మేస్త్రి మూసి వెళ్లలేదు, చెప్పనూ లేదు. రెండూ కలిసి నిండితే దేన్ని ఆరబెడతాం? అయ్య ఆ రోజే ఒకటి మూసేశాడు.

ఈ రెండు గోతుల పద్ధతిని ఊరూరా తీసుకెళ్లిన వాళ్లలో బీహారుకు చెందిన బిందేశ్వర్ పాఠక్ గారు ముఖ్యులు. 1970లో సులభ్ సంస్థ పెట్టారు. 2023 ఆగస్టు 15న చనిపోయారు. ఇంకో సంగతి. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు ఆరిన గోతిలోకి తానే దిగి గెత్తం తీశారు. అంత పెద్ద ఆఫీసరు! ఇది చెప్తే మా అమ్మమ్మ "ఆయన తీస్తే తీశాడు, అది వేసిన చేలో బువ్వ నేను తినను" అంది. అయితే కాఫీ మొక్కల మొదట్లో పాతుదాం అన్నాను. దానికి ఏమీ అనలేదు.

గోతిలోకి ఏం పోకూడదో చెప్తాను. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ ఎక్కువగా పొయ్యకండి, తినే బాక్టీరియా చచ్చిపోతాయి. బ్రష్షు, నీళ్లు, కొంచెం సబ్బు చాలు. స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు వేరే కాలవ తీసి అరటి చెట్టుకి పంపండి, లేకపోతే గొయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు అసలు వెయ్యకండి. సార్లు కూడా చదువుతారు, ఇది రాయొద్దు అని ఒక అప్ప అంది. రాయకపోతే ఎలా తెలుస్తాది? ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, కుళ్లదు, గొట్టంలో అడ్డం పడుతుంది. పాన్ కింద వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలుస్తాయి, వాసనని, ఈగల్ని అవే ఆపుతాయి. ఊళ్లో ఇచ్చే పాన్ వాలుగా ఉంటుంది కాబట్టి పెద్ద చెంబుతో రెండు లీటర్లు పోస్తే చాలు. గెడ్డ నుంచి బిందె మోసేది మనమే కదా.

ఊటకి, బావికి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. మన కొండల్లో దూరం ఒక్కటే చూస్తే చాలదు, ఊటకి దిగువనే తవ్వాలి.

సెప్టిక్ ట్యాంకు వేరు. దానికి అడుగున, పక్కల సిమెంటు ఉంటుంది. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, తేలికది పైన తెట్టు కడుతుంది, మధ్య నీళ్లు ఇంకుడు గుంతకి పోతాయి. ఆ నీళ్లు గెడ్డలోకి వదలకూడదు. వాయువులు పోవడానికి పైకి గొట్టం ఉండాలి. రెండు మూడేళ్లకోసారి మిషను బండితో మడ్డి తోడించాలి. ఆ బండి మా ఊరి దారికి ఎక్కదు. అందుకే మన ఇళ్లకి రెండు గోతులే మేలు అని నా అభిప్రాయం. ట్యాంకులోకి మాత్రం మనిషి దిగకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, గాలి ఉండదు, దిగినవాళ్లు అక్కడే పడిపోతారు, తియ్యడానికి దిగినవాళ్లూ పడిపోతారు. ట్యాంకులోకి మనిషిని దించి అలా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

సెలవుల్లో ఇంటికెళ్లాక పెద్దవాళ్లని తోడు పెట్టుకుని చాంబరు మూత తీసి చూడండి. ఎన్ని దారులు తెరిచి ఉన్నాయో చూడండి. తరవాత సబ్బుతో చేతులు కడుక్కోండి. నిండిన గొయ్యి మూస్తే ఆ నెల, సంవత్సరం మూత మీద రాయండి. సున్నంతో రాస్తే వానకి పోద్ది, మూత సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో గీయండి.