పసుపు కాగితంపై ఎర్ర బొమ్మలు

సెలవుల్లో మీ తమ్ముడో చెల్లెలో ఏమీ తోచక పేచీ పెడుతుంటే ఈ పని చేయించండి. చెంచాడు పసుపును కొద్ది నీళ్ళలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బు కలిపిన నీళ్ళలో దూది చుట్టిన పుల్లను ముంచి వాళ్ళ చేతికివ్వండి. గీసిన చిలుక, చేప ఎర్రగా తేలతాయి!

ఇలా ఎందుకు జరుగుతుంది? పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. క్షారం తగిలితే అది ఎరుపెక్కుతుంది. సబ్బునీటికి క్షారగుణం ఉంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందువల్లనే. ఎర్రగీతపై నిమ్మరసం వేస్తే, అందులోని ఆమ్లం క్షారాన్ని తటస్థం చేస్తుంది. గీత మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది.

సున్నంతోనూ ఎరుపు వస్తుంది. కాని పసిపిల్లల చేతికి సున్నం ఇవ్వకండి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్ళు పోసి చాలాసేపు కడిగి, డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాలి.

మరొక మాట. కారణం మీరే ముందుగా చెప్పేయకండి. ఎర్రగీతపై చింతపండు రసం వేస్తే ఏమవుతుంది? ఉప్పునీళ్ళయితే? అని అడగండి. ముందు వాళ్ళను ఊహించి చెప్పనివ్వండి. తరువాత వేసి చూడనివ్వండి.