మోటారు సైకిలు: కూర్చుండు సుఖము, కనబడు రక్షణ

హోసూరు ప్రాంతమునందలి తెలుగు కుటుంబములకు మోటారు సైకిలును క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. 1955లో మదరాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది. 1980లో మన హోసూరునుండియే టి.వి.యస్. 50 మోపెడ్ వెలువడినది. నేడు బడిగంట మ్రోగు వేళ పాఠశాల ద్వారముకడ నిలిచినచో, పిల్లలను దింపు ద్విచక్ర వాహనములు వరుసకట్టి కనబడును. అందుచేత ఈ వాహనమును మన దేహమునకును, మన బాటకును తగినట్లు అమర్చుకొను విధమును తల్లిదండ్రులకు వివరింపదలచితిమి.

కర్మాగారమునుండి వచ్చు వాహనము అంగడిలో దొరకు సిద్ధవస్త్రము వంటిది. అది సగటు మనిషి కొలతకు తయారైనది. మన యింటివారి కొలతకు కాదు. కొందరు యువకులు పొగగొట్టము మార్చి, రంగుదీపములు తగిలించి వేలకొలది రూపాయలు వ్యయము చేయుదురు. అది అలంకారము. మేము చెప్పబోవు అమరికలో అధికభాగమునకు ఒక స్పానరును, ఒక ఆదివారపు ప్రొద్దును చాలును.

నడుపువారి ఆసనము

సౌఖ్యమనగా విలాసమని తలచరాదు. చేయి తిమ్మిరెక్కినవాడు బ్రేకును ఆలస్యముగా పట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 11 మీటర్లు సాగును. ఒక్క సెకను ఆలస్యమైనచో తరగతిగది ఈ కొసనుండి ఆ కొసకు మించిన దూరము దాటిపోవును.

బండిపై కూర్చుండి చేతులు చాపినపుడు మోచేతులు కొంచెము వంగి యుండవలెను. మణికట్టు క్రిందికిగాని పైకిగాని విరిగినట్లు ఉండరాదు. బ్రేకు, క్లచ్చు పిడుల బిగింపును కొద్దిగా సడలించి, ముంజేతికి సూటిగా వ్రేళ్లు వానిపై పడునట్లు త్రిప్పి మరల బిగింపవలెను. నిలిచినపుడు పాదములు నేలపై నిబ్బరముగా ఆనవలెను. సీటు మిక్కిలి మెత్తగా ఉన్న మేలని కొందరు తలతురు. కాని మెత్తని స్పాంజి కొలది దూరములోనే అణగిపోయి, అడుగునున్న గట్టిరేకు నడుమునకు తగులును. గట్టిదనము గల స్పాంజి, జారని పైతొడుగు, ఈ రెండును ఉత్తమములు.

వెనుక కూర్చుండువారు

వెనుక మనిషి ఎక్కినపుడు బండి వెనుకభాగము క్రుంగును. అనేక వాహనములలో వెనుక స్ప్రింగులను బిగించుటకు మెట్లుగల వలయము ఉండును. ఒంటరిగా పోవునపుడు క్రింది మెట్టును, బరువున్నపుడు పై మెట్టును వాడవలెను. టైర్ల గాలియును, వాహనముపై వ్రాసిన లెక్క ప్రకారము, బరువును బట్టి పెంచవలెను.

చీరకొంగు, చున్నీ, పిల్లవాని మడమ, ఈ మూడును వెనుక చక్రమునకు చిక్కునవి. ఇందుకొరకే కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 123వ నియమము, పట్టుకొనుటకు పిడిని, పాదములకు ఆధారమును, వెనుకచక్రమును సగమునకు తక్కువగాకుండ కప్పు రక్షణను విధించినది. అందము చెడునని దానిని ఊడదీయుట మిక్కిలి ప్రమాదకరము. పిల్లవాని పాదములు ఆధారమునకు అందనంతకాలము వాని మడమ స్పోకులవైపు జారుననియే తలచి, ఆ భాగమును గట్టి జల్లెడరేకుతో కప్పించుట అవసరము.

మనము చూచుట

అద్దములో మన మోచేయి అంచు మాత్రము సన్నని గీతవలె కనబడి, తక్కినదంతయు వెనుక బాటయే కావలెను. భుజములు విశాలమైనవారు అద్దపు కాడను కొంత పొడిగించుకొనవచ్చును. ఉబ్బెత్తు అద్దములో వెనుకవచ్చు లారీ చిన్నదిగాను, దూరముగాను తోచును. అందువలన మలుపు తిరుగుటకు ముందు తల త్రిప్పి ఒకమారు చూడక తప్పదు. గీతలు పడిన శిరస్త్రాణపు అద్దము రాత్రివేళ ఎదుటి దీపకాంతిని చెదరగొట్టును, దానిని మార్చవలెను.

దీపమును ఇంటి గోడపై పరీక్షింపవచ్చును. కొంత దూరమున బండిని నిలిపి, వెలుగు పై అంచువద్ద సుద్దతో గీత గీయుడు. పిదప వెనుక ఒకరిని కూర్చుండబెట్టి చూడుడు. వెలుగు గీతను దాటి పైకి పోవును. ఆ వెలుగు ఎదుటివాని కన్నులను బాధించును. మన బాటనుమాత్రము చీకటిలో విడుచును. ముందు స్ప్రింగును, పిదప దీపపు మరను సరిచేయవలెను.

ఇతరులకు మనము కనబడుట

1981లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు తాము స్థలముకడ పరిశీలించిన 900 ప్రమాదములను వివరించిరి. ఇతర వాహనములవారు మోటారు సైకిలును గుర్తింపకపోవుటయే వానికి ప్రధాన కారణమని తేల్చిరి. న్యూజీలండు దేశపు ఆక్లండులో జరిగి 2004లో ప్రకటింపబడిన పరిశోధనలో, కాంతిని ప్రతిఫలింపజేయు లేక మెరయు వస్త్రములు ధరించినవారికి గాయపడు అపాయము 37 శాతము తక్కువ. నల్ల శిరస్త్రాణముకన్న తెల్లదానితో 24 శాతము, పగటివేళ దీపము వెలిగించుటతో 27 శాతము తక్కువ. మన దేశమున 1-4-2017 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు దీపము తనంతటతానే వెలుగు ఏర్పాటు చేయబడినది. అంతకు పూర్వపు బండ్లవారు స్వయముగా వెలిగించుకొనవలెను.

లారీ నడుపువానికి మన బండిపై మొదట కనబడునది పిల్లవాని వీపునందలి పుస్తకముల సంచి. దానికి కాంతి ప్రతిఫలింపజేయు పట్టీ కుట్టించుడు. అట్టి పట్టీ వచ్చిన వెలుగును వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. బండికి ముందు తెల్లనిది, వెనుక ఎర్రనిది అతికింపవలెను. వ్రేలాడు సంచిగాని కొంగుగాని వెనుకదీపమును మరుగుపరుపకుండ చూచుకొనుడు. వానకోటు కొనునపుడు నలుపు మాని పసుపు కొనుడు. హోసూరు శీతకాలపు మంచులోను అది ఉపకరించును.

చట్టపు హద్దు

మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రమునందలి వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని దృఢపరచినది. కావున ఇంజను, చట్రము, పొగగొట్టముల జోలికి పోరాదు. కన్నులు మిరుమిట్లు గొలుపు అదనపు దీపములును వలదు.

2019 సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని శిరస్త్రాణము విధి. తొమ్మిది నెలలనుండి నాలుగేండ్లలోపు శిశువులకు శిరస్త్రాణముతోపాటు నడుపువారికి కలిపి కట్టు రక్షణపట్టీయు, 40 కిలోమీటర్లకు మించని వేగమును 15-2-2023 నుండి అమలులోనున్న నియమములు కోరుచున్నవి. తండ్రి శిరస్త్రాణము పిల్లవాని తలపై తిరుగాడును, అది రక్షింపజాలదు. వాని తలకు సరిపోవు, ఐ.యస్.ఐ. ముద్రగల దానిని వేరుగా కొనవలెను.

ఒక మాట చెప్పుట కష్టముగానున్నను చెప్పక తప్పదు. నడుపువారు గాక ఒక్కరినే చట్టము అనుమతించును. ఇద్దరు బిడ్డలున్న యింట, ఒకరిని పెట్రోలు తొట్టిమీదను, ఒకరిని వెనుకను కూర్చుండబెట్టుట పరిపాటియైనది. హఠాత్తుగా బ్రేకు వేసినపుడు ముందున్న బిడ్డకు హ్యాండిలే మొదటి అడ్డు. ఏ అమరికయు మూడవ మనిషికి చోటు కల్పింపజాలదు. రెండు మారులు తిరుగుటయో, ఇరుగుపొరుగు కుటుంబములు కలిసి ఆటో కుదుర్చుకొనుటయో ఇందుకు ఉపాయము. దీనికై పావుగంట ముందుగా బయలుదేరవలసి వచ్చినను, ఆ పావుగంట బిడ్డ పేర దాచిన సొమ్మే యగును.

వచ్చు ఆదివారము ఇంటి ముంగిట బండిని నిలిపి, పిడులు, సీటు, స్ప్రింగు, చక్రపు కప్పు, అద్దములు, దీపము, సంచిపట్టీ అను క్రమమున పరీక్షింపుడు. పిల్లలను ప్రక్కన నిలుపుకొని, ప్రతి భాగమును తెలుగు మాటలలో వివరింపుడు. వాహన విజ్ఞానమును, భాషను ఏకకాలమున నేర్పు పాఠము ఇంతకన్న సులభమైనది మఱియొకటి లేదు.