బడ్జెట్టు పుస్తకములో మన పద్దు ఎక్కడ?

చెన్నపట్నములో రాష్ట్ర బడ్జెట్టు చదివిన మరునాడు మా సంఘము అరుగుమీద ఏటా వినబడే ప్రశ్న ఒకటే: "ఈసారి మనకేమి వేసినారండీ?" పత్రిక మొదటి పుట చూచి జవాబు చెప్పిన కార్యదర్శి పొరపడును. మేమును ఒకటి రెండేండ్లు అట్లే పొరపడి, తరువాత సభ్యులచేత మాటలు పడినాము. అందుచేత ఈ సంచికలో బడ్జెట్టు చదువు విధము కొంత వ్రాయుచున్నాము.

మొదట ఒక పాత సంగతి. పిట్టి త్యాగరాయ చెట్టిగారు మనవారే. తెలుగు దేవాంగ కుటుంబమున పుట్టి, స్వయముగా మగ్గముల శాల నడపినవారు. 1920లో ఆయన చెన్నపట్నపు కార్పొరేషను అధ్యక్షులుగా ఉండగా థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము మొదలుపెట్టిరి. తలకు రోజుకు ఒక అణాకు మించరాదని కట్టడి. మరికొన్ని బడులకు కూడ అది ప్రాకినది. 1925లో, ప్రాథమిక విద్యానిధినుండి ఈ ఖర్చు వ్రాయరాదని దొరల సర్కారు ఆక్షేపించినది, భోజనము ఆగినది. పిల్లలు రాక ఆగలేదు, బియ్యము దొరకక ఆగలేదు. ఏ పద్దు క్రింద వ్రాయవలెనో తేలక ఆగినది. బడ్జెట్టులో పద్దు అనగా ఏమో తెలియుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు.

రెండవ సంగతి మన వాకిటిదే. విరుదునగరములో పుట్టిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడిపిల్లల భోజన పథకము ప్రారంభమైనది కోవిల్పట్టికి సమీపముననున్న ఎట్టయాపురములో. తొలుత ఊరివారి చందాలతోను, ధాన్యముతోను పొయ్యి వెలిగినది. పిమ్మట సర్కారు ఖర్చులో నూటికి అరువది పాళ్లు తాను పెట్టుకొని, నలువది ఊరికి విడిచినది. చందా పంట పండిన ఏడు వచ్చును, ఎండిన ఏడు రాదు. మన కరిసల్ భూముల సంగతి వేరే చెప్పవలెనా? పెద్దయెత్తున ఖజానా సొమ్ముతో నడచిన భోజనము 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ గారి కాలమున మొదలైన పౌష్టికాహార పథకము. 2022 సెప్టెంబరులో మధురలో ఉదయపు ఫలహారము కూడ దానికి చేరినది.

ఇక పుస్తకము తెరుతము. ప్రతి పద్దుకు ప్రక్కప్రక్కన నాలుగు గడులుండును: గడచిన యేటికి ముందటి యేటి అసలు లెక్క, గడచిన యేటి అంచనా, అదే యేటికి సవరించిన అంచనా, రాబోవు యేటి అంచనా. పత్రికలు చాటునది నాలుగవ గడి. మీరు చూడవలసినది రెండవదానికి మూడవదానికి నడుమ భేదము. వేసినది ఎంత, విడిచినది ఎంత అన్నది అక్కడ బయటపడును. నూలు తూచి ఇచ్చి, గుడ్డ తూచి తీసుకొను మనకు ఇది కొత్త విద్య కాదు.

మన పద్దులన్నియు చేనేతశాఖ క్రిందనే ఉండునని తలచుట రెండవ పొరపాటు. పొంగలికి పేదలకిచ్చు ఉచిత చీర ధోవతుల పథకము 1983లో పుట్టినది. పేదకు బట్ట, మగ్గమునకు పని అని రెండు ఉద్దేశములు. బట్ట నేయించునది చేనేతశాఖ, సొమ్ము వచ్చునది రెవిన్యూశాఖ పద్దునుండి. ఈ పథకపు పనిలో పెద్దభాగము నేడు మరమగ్గముల పాలైనదని చెప్పక తప్పదు. చేతిమగ్గము వాటా ఎంతయో వేరుగా అడిగి తెలిసికొనవలెను.

వృద్ధాప్య పింఛను కూడ రెవిన్యూ పద్దే. 1962లో నెలకు 20 రూపాయలతో ఈ రాష్ట్రమున మొదలై, 2023లో 1200 అయినది. అరువది నిండి ఎనుబదిలోపు ఉన్నవారికి అందులో కేంద్రము పాలు 200 మాత్రమే. పదిహేనేండ్లకు పైగా ఆ అంకె కదలలేదు. అదియు కేంద్రపు లెక్కలో పేదలుగా చేరినవారికే. తక్కినది రాష్ట్ర ఖజానా మోయుచున్నది.

ఆ ఖజానా స్థితి ఏమి? మన విరుదునగరము జిల్లా తిరుచ్చుళి సభ్యులైన తంగం తెన్నరసుగారు ఆర్థికమంత్రిగా 2025 మార్చి 14న చదివిన బడ్జెట్టులో 2025–26కు రాబడి 3,31,569 కోట్లు, నిత్యవ్యయము 3,73,204 కోట్లు. లోటు 41,635 కోట్లు. అందులో స్త్రీలకు నెలకు వేయి రూపాయల పథకమునకే 13,807 కోట్లు కేటాయించిరి. ఆ వేయి మన ఇండ్లలో ఎందరి చేతికో వచ్చుచున్నది, కాదనము. కాని లోటున్న ఇంట చిన్న బాకీలు ముందుగా వాయిదా పడునని సంసారము చేయువారికందరికి తెలిసినదే. సంఘములకు రావలసిన బాకీలు అట్టి చిన్నవి.

ప్రకటన వచ్చినంతమాత్రమున సొమ్ము రాదు. శాఖలవారి పద్దులు సభలో నెగ్గవలెను, వినియోగ చట్టము కావలెను, పిమ్మట ప్రభుత్వ ఉత్తరువు, ఆ పిమ్మట ఖజానా విడుదల. ఒకయేడు మా సభ్యురాలొకతె, భర్త పోయిన నేతకత్తె, పింఛను మంజూరైనదని విని అప్పుచేసి పండుగ గడపినది. ఉత్తరువు వచ్చినది గాని విడుదల కాలేదు. వడ్డీ ఆమె కట్టినది. నాడు మేము ఆమెకు ఉత్తరువునకు, విడుదలకు భేదము చెప్పియుండవలసినది.

కావున అడుగునప్పుడు "ఎప్పుడు వచ్చును?" అని గాక, "ఉత్తరువు నెంబరేమి, ఏ తేదీది, ఏ పద్దు?" అని అడుగుడు. కోవిల్పట్టివారి కాగితములు తూత్తుకుడి కలెక్టరు కచేరికి, విరుదునగరమువారివి విరుదునగరమునకే పోవును. చుట్టరికములు కలసియున్నను జిల్లాలు వేరు, తికమక పడవద్దు.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు చేనేతశాఖ, రెవిన్యూశాఖల విధాన పత్రములు తెచ్చి బల్లమీద ఉంచెదము. అవి తమిళములో ఉండును. చదువగల పిల్లలను వెంటబెట్టుకొని రండు.